ఇల్లు గోవాలో, యుద్ధం మన సముద్రంలో

విశాఖ బీచ్ రోడ్డులో పెట్టిన సీ హారియర్ యుద్ధ విమానాన్ని చూపిద్దామని మా మేనల్లుడిని తీసుకెళ్లాను. పదేళ్లవాడు. ముక్కు దగ్గర నుంచి తోక దాకా ఒక చుట్టు తిరిగి, కడుపు కిందకి వంగి చూసి, "మావయ్యా, దీనికి పొగ గొట్టాలు వెనకాల ఉండకుండా పక్కలకున్నాయేంటి?" అన్నాడు. మంచి ప్రశ్న. నేను నోరు తెరిచేలోపే పక్కన ముంత మసాలా తింటున్న ఒకాయన అందుకున్నాడు. "అది ఎయిర్‌ఫోర్సు విమానం బాబూ. డెబ్భయ్యొకటిలో పాకిస్తాన్ సబ్‌మెరైన్‌ని ముంచింది ఇదే."

ఒక్క ముక్కలో మూడు తప్పులు. అది ఎయిర్‌ఫోర్సుది కాదు, నేవీది. 1971లో ఆ రకం విమానం మన దేశంలోనే లేదు. సబ్‌మెరైన్ కథలో ఫైటర్లకు అసలు పాత్రే లేదు.

అలాగని ఆయన్ని తప్పుపట్టలేను. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మేమంతా బీచ్‌లో ప్రదర్శనకు పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్, ఘాజీ, విక్రాంత్, టీయూ-142, డిసెంబర్ 4, అన్నీ కలిపి ఒకే ముద్దగా మింగినవాళ్లమే. టీయూ-142ని కూడా సగం మంది ఫైటర్ అనే అంటారు. అది సబ్‌మెరైన్లను వెతుక్కుంటూ గంటల తరబడి సముద్రం మీద తిరిగే పెద్ద నిఘా విమానం. ఫైటర్‌కి దానికి పోలిక, బైక్‌కి లారీకి ఉన్నంత.

ఈ ముద్దని విడదీయడానికి నాకు తెలిసిన సులువైన దారి ఒక స్క్వాడ్రన్ కథ చెప్పుకోవడం. నంబరు 300, పేరు వైట్ టైగర్స్. మన నౌకాదళంలో తొలి ఫైటర్ స్క్వాడ్రన్ ఇదే. దీని సొంతిల్లు విశాఖ కాదు, గోవా. కానీ దీనికి పేరు తెచ్చిన యుద్ధం జరిగింది మన బంగాళాఖాతంలో. ఆ యుద్ధాన్ని నడిపించింది మన ఊళ్లోని తూర్పు నౌకాదళ కమాండ్.

ముందు స్క్వాడ్రన్ అంటే ఏమిటో తేల్చుకుందాం, ఎందుకంటే గందరగోళం అక్కడే మొదలవుతుంది. చాలామంది స్క్వాడ్రన్ అంటే కొన్ని విమానాలు అనుకుంటారు. సింహాచలం వెళ్లే 28 నంబరు బస్సు సంగతి చూడండి. నా చిన్నప్పుడు ఎక్కిన బస్సు ఎప్పుడో తుక్కుకు పోయింది. డ్రైవర్లు రిటైరయ్యారు. అయినా "ఇరవై ఎనిమిది వచ్చింది" అంటాం. స్క్వాడ్రన్ కూడా అంతే. ఒక నంబరు, ఒక చిహ్నం, కొందరు పైలట్లు, వాళ్లకంటే ఎక్కువ సంఖ్యలో టెక్నీషియన్లు, ఒకరి నుంచి ఒకరికి వచ్చే అలవాట్లు. విమానాలు మారతాయి, నౌకలు మారతాయి, నంబరు మిగులుతుంది. 300 ఇప్పటికి మూడు రకాల విమానాలను చూసింది. సీ హాక్, సీ హారియర్, మిగ్-29కే. పేర్లలో ఈ "సీ హాక్", "సీ హారియర్" పోలిక వల్లే సగం మంది పప్పులో కాలేస్తారు.

నేవీకి సొంత ఫైటర్లు ఎందుకు అన్నది తర్వాతి ప్రశ్న. తీరానికి దగ్గర్లో అయితే వైమానిక దళం చూసుకుంటుంది. నడిసముద్రంలో నౌకల మీద శత్రు విమానాలు విరుచుకుపడితే, ఒడ్డు నుంచి బయల్దేరిన ఫైటర్ అక్కడికి చేరేసరికే ఇంధనం సగం అయిపోతుంది. అందుకని రన్‌వేనే నౌక మీద కట్టి వెంట పట్టుకెళ్తారు. మన ఎయిర్‌పోర్టు రన్‌వే పొడవు దాదాపు 3 కిలోమీటర్లు. మన తొలి విమాన వాహక నౌక పాత విక్రాంత్‌ని ముక్కు నుంచి వెనక అంచు దాకా మొత్తం కొలిచినా 213 మీటర్లు. అందులో విమానం దిగడానికి వాడేది కొంత భాగమే. పైగా అది ముందుకు పోతూ, అలల మీద లేస్తూ పడుతూ ఉంటుంది.

దిగేటప్పుడు విమానం తోక కింద వేలాడే కొక్కెం, డెక్ మీద అడ్డంగా లాగి కట్టిన ఉక్కు తీగల్లో ఏదో ఒకదానికి తగులుకోవాలి. తగిలితే ఎవరో వెనక్కి గుంజినట్టు ఆగిపోతుంది. తగలకపోతే సముద్రమే. అందుకే చక్రాలు డెక్‌ని తాకగానే పైలట్ ఇంజన్ తగ్గించడు, ఫుల్ పవర్ ఇస్తాడు. తీగ పట్టుకుందా, సరే. లేదా, అదే ఊపులో మళ్లీ గాల్లోకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావాలి. నేల మీద దిగే పైలట్‌కు ఉన్న అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు. వైమానిక దళం పైలట్లు తక్కువ వాళ్లని కాదు, ఇది వేరే విద్య.

ఆ విద్య నేర్చుకోవడానికి మనవాళ్లు బ్రిటన్ వెళ్లారు. 1960 జూలైలో వేల్స్‌లోని బ్రాడీ నౌకాదళ విమాన స్థావరంలో 300వ స్క్వాడ్రన్ పుట్టింది. విక్రాంత్ అప్పటికి ఇంకా సిద్ధం కాలేదు. అది నిజానికి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్లు మొదలుపెట్టి, యుద్ధం అయిపోవడంతో మధ్యలో వదిలేసిన హెర్క్యులిస్ అనే నౌక. 1957లో భారత్ కొనుక్కుని పూర్తి చేయించింది. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో అది విక్రాంత్‌గా మన సేవలోకి వచ్చింది. అదే ఏడాది మే 18న దాని మీద తొలి జెట్ దిగింది. నడిపిన లెఫ్టినెంట్ ఆర్.హెచ్. తహిలియానీ ఇరవై మూడేళ్ల తర్వాత నౌకాదళాధిపతి అయ్యారు. నవంబర్‌లో నౌక బొంబాయి చేరింది.

ఆ తొలి జెట్టే సీ హాక్. ఒకే సీటు, ఒకే ఇంజన్, ముక్కులో నాలుగు 20 మిల్లీమీటర్ల తుపాకులు. శబ్దవేగాన్ని దాటలేదు. మా మేనల్లుడు అడిగిన ప్రశ్న దీనికీ వర్తిస్తుంది. సీ హాక్ ఇంజన్ నుంచి వచ్చే వేడి గాలి కూడా తోక నుంచి కాకుండా రెండు పాయలుగా చీలి రెక్కల మొదట్లో పక్కల నుంచే పోయేది. కారణం మాత్రం వేరు. పొడవాటి గొట్టం తోక దాకా వేసే పని తప్పితే, ఆ వెనక భాగంలో ఇంధనం నింపుకునే చోటు దొరుకుతుంది. సముద్రం మీద ఎగిరేవాడికి ప్రతి లీటరూ లెక్కే కదా.

స్క్వాడ్రన్‌కు నేల మీద కూడా ఒక ఇల్లు కావాలి. 1961లో కోయంబత్తూరు దగ్గర సూలూరులో ఐఎన్‌ఎస్ హంస అనే స్థావరం పెట్టారు. గోవా విముక్తి తర్వాత, 1964లో దాన్ని దబోలింకు మార్చారు. అప్పటి నుంచి నేవీ ఫైటర్లకు పుట్టిల్లు, అత్తిల్లు రెండూ గోవానే. 1965 యుద్ధం వచ్చినప్పుడు విక్రాంత్ మరమ్మతుల్లో డాక్‌లో ఉంది. దాన్ని ముంచేశామని పాకిస్తాన్ చెప్పుకుంది కూడా. కదలని నౌకను ముంచేశామని వాళ్లు చెప్పుకోవడం, మనవాళ్లు డాక్‌లో కూర్చుని వినడం, రెండూ నవ్వొచ్చేవే. నేవీలో వాళ్లకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మంట 1971 దాకా చల్లారలేదు.

పగిలిన బాయిలర్

1971కి వచ్చేసరికి విక్రాంత్ పరిస్థితి ఇంకోలా పాడయింది. నౌకకు నాలుగు బాయిలర్లు. అందులో ఒకదానికి పగుళ్లు వచ్చాయి. ఇంట్లో కుక్కర్ గాస్కెట్ కాస్త తేడా చేస్తేనే గ్యాస్ కట్టేసి దూరం జరుగుతాం. ఇక్కడ వందల మంది ఉన్న నౌక అడుగున, విపరీతమైన ఒత్తిడిలో ఉన్న ఆవిరి. ఆ బాయిలర్‌ని పక్కన పెట్టి మిగతా మూడింటితో నడపాల్సి వచ్చింది. 25 నాట్ల దాకా పోగల నౌక వేగం బాగా తగ్గించుకుంది.

వేగం తగ్గితే ఏమైంది, నెమ్మదిగా వెళ్తుంది, అంతేగా అనిపిస్తుంది. విషయం అక్కడితో ఆగదు. విమానం గాల్లోకి లేవాలంటే దాని రెక్కల మీదుగా తగినంత వేగంతో గాలి పోవాలి. నేల మీద అయితే పొడవాటి రన్‌వే మీద పరిగెత్తి ఆ గాలిని తెచ్చుకుంటుంది. డెక్ మీద పరిగెత్తే చోటు లేదు కాబట్టి నౌకే గాలికి ఎదురు తిరిగి పరిగెత్తుతుంది. నౌక వేగం, ఎదురుగాలి, రెండూ కలిపి డెక్ మీద ఎంత గాలి వీస్తుందో అదే పైలట్ పెట్టుబడి. మిగతాది క్యాటపల్ట్ ఇస్తుంది, వడిసెలలో రాయి పెట్టి విసిరినట్టు. విక్రాంత్ క్యాటపల్ట్ నడిచేది కూడా ఆవిరితోనే. అంటే ఆ బాయిలర్లే. పగులు ఒక్కటే, దెబ్బ రెండు చోట్ల.

దిగేటప్పుడూ అంతే. ఎదురుగాలి తక్కువైతే విమానం డెక్‌ని ఎక్కువ వేగంతో గుద్దుకుంటుంది. తీగల మీద, కొక్కెం మీద, పైలట్ నడుం మీద ఆ భారమంతా పడుతుంది. డిసెంబర్‌లో బంగాళాఖాతం ఎలా ఉంటుందో మన జాలరులను అడిగితే చెప్తారు. తుపాను లేని రోజున అద్దంలా ఉంటుంది. చేపల వేటకు అది మంచి రోజు, సీ హాక్‌కు చెడ్డ రోజు.

ఇన్ని లోపాలున్న నౌకను యుద్ధానికి పంపాలా వద్దా అన్న చర్చ సహజంగానే జరిగింది. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్, ఆయన సిబ్బంది వెళ్తామనే పట్టుపట్టారు. పశ్చిమాన పాకిస్తాన్ వైమానిక దళంలో అసలు బలమంతా ఉంది. శబ్దవేగం దాటలేని సీ హాక్ అక్కడ వాళ్ల మిరాజ్‌లకు, స్టార్‌ఫైటర్లకు దొరికిపోతుంది. తూర్పు పాకిస్తాన్‌లో ఉన్నది ఢాకా దగ్గర ఒకే ఒక్క సేబర్ ఫైటర్ల స్క్వాడ్రన్. అందుకని విక్రాంత్‌ని తూర్పుకు తెచ్చారు. నవంబర్ 1న కొత్తగా ఏర్పడిన తూర్పు నౌకాదళ సమూహానికి అదే పెద్ద దిక్కు. గొప్ప వ్యూహం అని ఇప్పుడు రాసుకుంటున్నాం గానీ, నాకైతే ఉన్న సరుకుతో వంట చేయడం లాగే కనిపిస్తుంది. అదీ ఒక నేర్పే.

ఒకే తేదీ, మూడు కథలు

ఇక ముంత మసాలా ఆయన చెప్పిన సబ్‌మెరైన్ దగ్గరికొద్దాం. విక్రాంత్ తూర్పుకు వచ్చిందని పాకిస్తాన్‌కి తెలిసింది. అంత దూరం వచ్చి తిరిగి వెళ్లగల సబ్‌మెరైన్ వాళ్ల దగ్గర ఒక్కటే, ఘాజీ. నవంబర్ 14న అది కరాచీ నుంచి బయల్దేరింది. ఇక్కడ తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఒక నాటకం ఆడించారు. విక్రాంత్‌ని అండమాన్ దీవుల వైపు పంపేసి, అది విశాఖలోనే ఉన్నట్టు ఊరంతా నమ్మేలా చేశారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ విక్రాంత్ వేషం కట్టి, పెద్ద నౌకకు తగ్గట్టు రేడియో సందేశాలు పంపింది. స్థానిక కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు భారీగా ఆర్డర్లు వెళ్లాయి. తల్లికి ఎలా ఉందని అడుగుతూ విక్రాంత్ నావికుడు ఇచ్చినట్టుగా ఒక మామూలు టెలిగ్రాం కూడా పంపారు. గూఢచారి వినాలంటే రహస్యం పాటించకూడదు, అంతే.

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి హార్బర్ బయట ఘాజీ పేలి మునిగిపోయింది. మా నాన్నకు అప్పుడు పన్నెండేళ్లు, ఇల్లు కోటవీధిలో. ఊరంతా బ్లాకౌట్. కిటికీ రెక్కలు దడదడలాడితే మా నాయనమ్మ భూకంపమనుకుని పిల్లల్ని వీధిలోకి లాక్కొచ్చిందట. వీధంతా చీకట్లో నిలబడి ఉంది, ఏమైందో ఎవరికీ తెలియదు. తర్వాత జాలరులు సముద్రం మీద తేలుతున్న శకలాలు తెచ్చారు.

రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జిల (నీళ్ల లోతులో పేలే బాంబుల) వల్లే మునిగిందని మన నౌకాదళం అంటుంది. తను పరుస్తున్న మందుపాతరే పేలి మునిగిందని పాకిస్తాన్ అంటుంది. ఈ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఏది నిజమైనా సీ హాక్‌లకు, వైట్ టైగర్స్‌కు ఇందులో వాటా లేదు. వాళ్లు అప్పటికి వందల మైళ్ల దూరంలో ఉన్నారు.

వాళ్ల కథ తెల్లవారాక మొదలైంది. డిసెంబర్ 4 ఉదయం విక్రాంత్ నుంచి ఎనిమిది సీ హాక్‌లు లేచి, సుమారు 60 నాటికల్ మైళ్ల దూరంలోని కాక్స్ బజార్ విమానాశ్రయం మీద దాడి చేశాయి. అదే రోజు మరో దఫా చిట్టగాంగ్ ఓడరేవు మీద. తర్వాతి రోజుల్లో ఖుల్నా, మంగ్లా. రన్‌వేలు, ఇంధన ట్యాంకులు, పారిపోవడానికి వాడగల ఓడలు, వీటి మీద గురి. తూర్పు పాకిస్తాన్ సైన్యానికి సముద్రం వైపు తలుపు మూసేయడం అసలు ఉద్దేశం. ఇటు వైమానిక దళం మిగ్-21లతో ఢాకా రన్‌వేని గుంతలు చేయడంతో సేబర్లు నేల మీదే ఉండిపోయాయి. అదే జరగకపోతే నిదానంగా ఎగిరే సీ హాక్‌ల లెక్క మరోలా ఉండేదేమో. నేవీ ప్రతాపం గురించి రాసేటప్పుడు ఈ వాక్యాన్ని చాలామంది మింగేస్తారు, నాకు మింగుడు పడదు.

స్క్వాడ్రన్ కమాండర్ లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తా. నేల మీద నుంచి విమాన విధ్వంసక తుపాకులు పేలుస్తుంటే, దెబ్బ తగిలిన విమానంతోనే తిరిగొచ్చి డెక్ మీద దించారు. దెబ్బతిన్న విమానంతో 3 కిలోమీటర్ల రన్‌వే మీద దిగడమే గొప్ప. ఇక్కడ ఆయనకు ఉన్నది తీగలు పరిచిన చిన్న డెక్, అదీ వేగం చాలని నౌక మీద. ఆయనకూ కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌కూ మహావీర చక్రాలు వచ్చాయి.

మూడో కథ అదే రాత్రిది. అరేబియా సముద్రంలో మన క్షిపణి బోట్లు కరాచీ మీద విరుచుకుపడ్డాయి. డిసెంబర్ 4న నేవీ డే చేసుకునేది ఈ కరాచీ దాడి గుర్తుగా. అర్ధరాత్రి ఘాజీ, పొద్దున కాక్స్ బజార్, రాత్రికి కరాచీ. ఒకే తేదీ మీద మూడూ పడ్డాయి. మన బీచ్‌లో జరిగే ఉత్సవంలో పైన ఫైటర్లు, ముందు విక్టరీ ఎట్ సీ స్మారకం, పక్కనే కుర్సురా ఉంటాయి కాబట్టి చూసేవాడి మనసులో మూడూ అతుక్కుపోవడం వింతేమీ కాదు.

నిలబడి దిగే విమానం

డెబ్భైల చివరికి సీ హాక్‌లు ముసలివైపోయాయి. 1983 డిసెంబర్‌లో మొదటి మూడు సీ హారియర్లు గోవా చేరాయి. కొద్ది రోజులకే విక్రాంత్ మీద దిగాయి. ఆ దశలో స్క్వాడ్రన్‌ను నడిపింది అరుణ్ ప్రకాశ్. ఈయన కథ చిత్రంగా ఉంటుంది. నేవీ పైలటై ఉండి, 1971లో డిప్యుటేషన్ మీద వైమానిక దళంలో హంటర్ విమానాలు నడిపి వీర చక్ర తెచ్చుకున్నారు. సొంత స్క్వాడ్రన్ బంగాళాఖాతంలో పోరాడుతుంటే ఆయన పశ్చిమ సరిహద్దులో ఉన్నారు. 2004లో నౌకాదళాధిపతి అయ్యారు.

ఇప్పుడు మా మేనల్లుడి ప్రశ్న. హారియర్ పక్కలకు ఉన్న ఆ నాలుగూ పొగ గొట్టాలు కావు, తిరిగే ముక్కులు. ముందు రెండింటి నుంచి ఇంజన్ ఫ్యాన్ తోసే చల్లగాలి, వెనక రెండింటి నుంచి మండిన వేడిగాలి వస్తాయి. నాలుగూ వెనక్కి తిప్పితే విమానం ముందుకు పోతుంది, కిందకి తిప్పితే గాల్లో నిలబడుతుంది. అందుకే దీనికి తీగలు, కొక్కెం అక్కర్లేదు. నౌక పక్కకొచ్చి నిలబడి, మెల్లగా జరిగి, డెక్ మీద కూర్చుంటుంది. ఇలా నిలువుగా లేవడం రెక్కలకు సంబంధం లేని పని, బరువంతా ఇంజనే మోయాలి. బాంబులతో, నిండు ట్యాంకుతో అలా లేవలేదు. అందుకని బయల్దేరేటప్పుడు కొంచెం పరిగెత్తి, డెక్ చివర పైకి వంచిన ర్యాంప్ మీదుగా గాల్లోకి దూకుతుంది. బరువుతో పరిగెత్తి లేవడం, తేలికై వచ్చి నిలువుగా దిగడం. విక్రాంత్‌కి ఈ ర్యాంప్ తర్వాత అమర్చారు.

ఇందులో మన వాతావరణం పెట్టే చిక్కు ఒకటుంది. వేడిగాలి పలచగా ఉంటుంది, దాంతో ఇంజన్ బలం తగ్గుతుంది. ఇంగ్లండ్ చలిలో హాయిగా గాల్లో నిలబడే యంత్రం గోవా ఎండలో రొప్పుతుంది. అందుకే దిగే ముందు ఇంజన్‌లోకి శుద్ధమైన నీటిని చిమ్మి చల్లబరుస్తారు. కాస్త అదనపు బలం వస్తుంది. విమానంలో ఉండే నీళ్లు నిమిషం, నిమిషంన్నరకు సరిపడా మాత్రమే. ఆ కాసేపట్లో దిగిపోవాలి. అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ నీళ్లు అయిపోయే లోపు స్నానం చేసేవాడి టెన్షన్ తెలిస్తే ఇది కొంత అర్థమవుతుంది.

కొన్నవి 30 దాకా ఉంటే, దాదాపు సగం ప్రమాదాల్లో పోయాయి. పైలట్లూ పోయారు. ఒక యుద్ధంలో శత్రువుకి ఒక్క సీ హాక్‌ని కూడా పోగొట్టుకోని స్క్వాడ్రన్, శాంతికాలంలో ఇన్ని హారియర్లను పోగొట్టుకుంది. బీచ్‌లో సెల్ఫీ దిగుతున్నప్పుడు ఇది ఎవరికీ గుర్తు రాదు, బోర్డు మీద రాయరు కూడా.

1987లో రెండో విమాన వాహక నౌక విరాట్ వచ్చింది, బ్రిటిష్‌వాళ్ల పాత హెర్మిస్. 1997 జనవరి 31న విక్రాంత్ సెలవు తీసుకున్నాక విరాట్ ఒక్కటే మిగిలింది, దాని మీద వైట్ టైగర్స్. 2016 ఫిబ్రవరిలో మన విశాఖలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగినప్పుడు విరాట్ వచ్చింది. దాన్ని ఇక్కడే మ్యూజియంగా పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం ఉత్సాహపడింది కూడా. హోటల్ అన్నారు, కన్వెన్షన్ సెంటర్ అన్నారు. చివరికి ఆ నౌక 2020లో గుజరాత్‌లోని అలాంగ్‌కు తుక్కుగా వెళ్లింది. నాకైతే అది ఇక్కడికి రానందుకు బాధ లేదు. అంత పెద్ద ఇనుప నౌకను ఉప్పుగాలిలో తుప్పు పట్టకుండా కాపాడే ఖర్చు ఎవరు పెడతారు? కుర్సురాకు ఎన్నిసార్లు రంగులేశారో బీచ్‌లో నడకకు వెళ్లేవాళ్లకు తెలుసు.

పులి చర్మం మార్చింది

2016 మే 11న గోవాలో హారియర్లకు వీడ్కోలు చెప్పారు. అదే కార్యక్రమంలో వైట్ టైగర్స్ పేరు, 300 నంబరు మిగ్-29కేలకు వెళ్లాయి. బస్సు మారింది, రూటు నంబరు మారలేదు. అప్పటికే మిగ్-29కేలతో 303 అనే మరో స్క్వాడ్రన్, బ్లాక్ పాంథర్స్, 2013 నుంచి ఉంది. కాబట్టి మిగ్‌లు వచ్చాక వైట్ టైగర్స్ పుట్టారని కొందరు, 2016లో వైట్ టైగర్స్ రద్దయ్యారని కొందరు రాస్తుంటారు. రెండూ కాదు.

మిగ్-29కే నిలబడి దిగలేదు. మళ్లీ కొక్కెం, మళ్లీ తీగలు. కానీ లేవడానికి క్యాటపల్ట్ లేదు, హారియర్ లాగే ర్యాంప్. సీ హాక్ దిగే పద్ధతి, హారియర్ లేచే పద్ధతి కలిపితే ఇది. రెండు ఇంజన్లు, హారియర్ కంటే వేగం, దూరం చాలా ఎక్కువ. పేచీలూ ఉన్నాయి. వచ్చిన 65 ఇంజన్లలో 40 లోపాల వల్ల పక్కన పెట్టాల్సి వచ్చిందని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2016లో చెప్పింది. 45 కొంటే, వాటిలో కొన్ని ప్రమాదాల్లో కూలాయి. కొత్త విక్రాంత్ 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో సేవలోకి వచ్చింది. దాని కోసం 26 రఫేల్ మెరైన్ విమానాలకు 2025 ఏప్రిల్ 28న ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరింది.

మరి మన ఊరి మీద ఎగిరే జెట్లు ఎవరివి? నేవీ డే సమయంలో బీచ్ మీద గర్జించే మిగ్‌లు అతిథులు, వచ్చి వెళ్తాయి. ఈ మధ్య ఆ ప్రదర్శనను కూడా వేరే తీరాలకు తిప్పుతున్నారు. 2023లో సింధుదుర్గ్, 2024లో పూరీ. ఎన్‌ఏడీ జంక్షన్ వైపు ఉన్నవాళ్లకు మామూలు రోజుల్లో వినిపించే జెట్ చప్పుడు మాత్రం హాక్‌లది, పాత సీ హాక్‌లు కావివి. రెండు సీట్లు, ఒకే ఇంజన్, శిక్షణ విమానాలు. 551 నంబరు స్క్వాడ్రన్, ఫాంటమ్స్. నేవీ ఫైటర్ పైలట్ కావాలనుకునే కుర్రాడు ఈ మెట్టు ఎక్కాకే మిగ్ దాకా వెళ్తాడు. స్థావరం పేరు ఐఎన్‌ఎస్ డేగా. నేవీ తన విమాన స్థావరాలకు పక్షుల పేర్లు పెడుతుంది. కొచ్చిలో గరుడ, గోవాలో హంస, అరక్కోణంలో రాజాళి. మన వంతుకు అచ్చ తెలుగు డేగ వచ్చింది. ఇంగ్లీషులో హాక్ అన్నా డేగే. డేగ గూట్లో డేగలన్నమాట. ఎవరూ కావాలని చేసినట్టు లేదు, కానీ బాగా కుదిరింది.

అదే రన్‌వే మన పౌర విమానాలకూ ఇన్నాళ్లు ఆధారం. కిందటిసారి హైదరాబాద్ వెళ్తూ కిటికీ సీట్లో కూర్చున్నాను. మా విమానం రన్‌వే మొదట్లో ఆగి ఉంది. నేవీ ట్రాఫిక్ ఉంది, పది నిమిషాలు పడుతుందని కెప్టెన్ చెప్పారు. సన్నటి జెట్ ఒకటి దిగింది, చక్రాల దగ్గర కాస్త పొగ లేచింది. దాని వెనకే ఇంకొకటి దిగలేదు, చక్రాలు తాకించి మళ్లీ లేచిపోయింది. పక్కసీటు పెద్దాయన నా మీదుగా వంగి చూస్తూ, "బ్రేకులు పడలేదేంటి వాడికి?" అన్నాడు.

"పడక్కర్లేదండి, లేవడమే నేర్చుకుంటున్నాడు" అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు. సీటు బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు.